అద్దం మేస్త్రి చేతికి చీపురు

భూమిని మా తాతయ్య చేత కట్టించి ఉంటే దాని మీద ఒక్క కొండ కూడా లేచేది కాదు. ఎటు పారాలో తెలియక నదులన్నీ మా ఇంటికొచ్చి ఆయన్ని అడిగి వెళ్లేవి. సముద్రం మీద రసమట్టం పెట్టి, "ఆ పక్క కాస్త లేచింది, సరిచెయ్యి" అనగల తాపీ మేస్త్రి లోకంలో ఆయన ఒక్కడే. ఈ మాట అంటున్నది నేనే అయినా, ఆయన కాదనడని నా నమ్మకం.

అందరూ ఆయన్ని అద్దం మేస్త్రి అంటారు. ఆయన చేసిన గచ్చు మీద వంగి తల దువ్వుకోవచ్చు. గచ్చు ఆరేలోపు మోకాళ్ల మీద కూర్చుని, తాపీతో రుద్ది రుద్ది, తన మీసం అందులో కనబడేదాకా లేవడు. కనబడగానే మీసం ఒకసారి దువ్వుకుని లేస్తాడు. అక్కడితో పని అయిపోయినట్టు. పన్నెండో ఏట ఇటుకలు మోయడంతో మొదలుపెట్టి, ఇప్పటిదాకా ఎన్ని ఇళ్లు కట్టాడో ఆయనకే లెక్క లేదు. "నేను కట్టినదాని మీద సమ్మెట పడలేదు, పడదు" అని మాత్రం కనబడిన ప్రతివాడికీ చెప్తాడు. కనబడనివాళ్లకి నా చేత చెప్పిస్తాడు.

ఆ సమ్మెట ఎలా పడిందో ఇప్పుడు చెప్తాను.

మా వీధి చివర లైబ్రరీ ఉంది. దాని గచ్చూ, ముందు మూరెడు ఎత్తున్న మూడు మెట్లూ తాతయ్య పడుచుతనంలో కట్టినవే. అక్కడ పుస్తకాలిచ్చే సీటులోకి కొత్తగా ఒక మేడం వస్తున్నారనీ, ఆవిడ చక్రాల కుర్చీలో తిరుగుతారనీ, మెట్ల పక్కన ర్యాంపు కట్టాలనీ తాతయ్యకి కబురొచ్చింది. లైబ్రరీ ఆఫీసరు కొలతల కాగితం ఇవ్వబోతే తాతయ్య పుచ్చుకోలేదు.

"ర్యాంపుకి కాగితం ఎందుకండీ? పుట్టినప్పట్నుంచీ ర్యాంపుల మీదేగా బతుకుతున్నాను."

అది నిజమే. కట్టుబడి పని జరిగేచోట మాలు పైకి చేరవేయడానికి చెక్కబల్లలు ఏటవాలుగా వేస్తారు. ఒంటిచక్రం బండిని దూరం నుంచి పరుగున తోసుకొచ్చి ఒక్క ఊపులో ఎక్కించేస్తారు. తాతయ్యకి తెలిసిన ర్యాంపు అదే. మూర ఎత్తుకి నాలుగు మూరల బారు. లైబ్రరీ ముందు కూడా సరిగ్గా అలాగే కట్టి, అలవాటు కొద్దీ అద్దంలా రుద్ది, మీసం దువ్వుకుని వచ్చేశాడు.

మేడం వచ్చిన రోజు మెచ్చుకోలు అందుకుందామని తాతయ్య ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆవిడకి ముప్పై ఏళ్లుంటాయి. ర్యాంపుని కిందనుంచి పైదాకా చూశారు.

"ఇది కట్టిందెవరండీ?"

"నేనేనమ్మా."

"జారుడుబల్ల చాలా బాగా కుదిరింది. పిల్లలు సంతోషిస్తారు. మరి నా ర్యాంపు ఎక్కడ?"

తాతయ్య అదేదో పొగడ్త అనుకుని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చక్రాలు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టారు. సగం దూరం వచ్చేసరికి చేతుల మీద నరాలు ఉబ్బాయి. నున్నటి గచ్చు మీద చక్రాలకి పట్టు దొరకలేదు. కుర్చీ వెనక్కి జారింది. తాతయ్య ఒక్క ఉదుటున వెళ్లి పట్టుకోబట్టి సరిపోయింది.

గుమ్మంలోంచి ఆఫీసరు గారు, "కంగారు పడకండి మేడం, రోజూ ప్యూను తోస్తాడు" అన్నారు.

"ప్యూను సెలవు పెడితేనో?"

"ఆ రోజు మీరూ పెట్టేయండి."

"నాకు పుస్తకాలు ఇచ్చే ఉద్యోగం వచ్చిందండీ. సామానులా మోయించుకునే ఉద్యోగం కాదు. నా అంతట నేను ఆ గుమ్మం దాటిన రోజే చేరతాను."

ఆఫీసరు గారు చేతులెత్తేశారు. "పదిహేను రోజులే గడువు. ఆలోపు చేరకపోతే ఈ సీటు ఇంకొకరికి పోతుంది. వద్దనుకుంటే వెనక గోదాములో కింది గది ఖాళీగా ఉంది. పాత ఫైళ్లు సర్దుకుంటూ కూర్చోవచ్చు. ర్యాంపు కట్టించాం కదా, ఇంకేం చెయ్యమంటారు?"

తాతయ్య మొహంలో నవ్వు పోయింది. "అమ్మా, ఆ కుర్చీ ఒక్కసారి నాకిస్తారా?" అన్నాడు.

మేడం పక్కనున్న బెంచీ మీదికి మారారు. తాతయ్య కుర్చీలో కూర్చుని, "ఇవి ఇటుకలు మోసిన చేతులు" అంటూ చక్రాలు పట్టుకున్నాడు. మొదటిసారి మూరెడు ఎక్కి కిందికొచ్చాడు. రెండోసారి రెండు మూరలు ఎక్కి, వెళ్లినదానికంటే వేగంగా కిందికొచ్చాడు. మూడోసారి పక్కనున్న పూలమొక్కల్లో తేలాడు. లేచే ప్రయత్నం కూడా చెయ్యకుండా అక్కడినుంచే అడిగాడు.

"బారెంత ఉండాలమ్మా?"

"మూర ఎత్తుకి పన్నెండు మూరలు. కాగితంలో రాసే ఉంటుందే?"

"కాగితం చదవలేదమ్మా."

"చదవడం రాదా?"

"చదువొచ్చు. బుద్ధే రాలేదు."

మేడం అప్పుడు నవ్వారు. ఈసారి నున్నగా వద్దు, చక్రాలకి పట్టు దొరికేలా గచ్చు మీద గీతలు పెట్టమన్నారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆవరణ అంతా కొలిచారు. పన్నెండు మూరలు నేరుగా కడితే ర్యాంపు గేటు దాటి రోడ్డు మీద తేలుతుంది. అందుకని గోడవారగా ఆరు మూరలు, అక్కడ కుర్చీ ఒక చుట్టు తిరిగేంత చదును, వెనక్కి మళ్లి ఇంకో ఆరు మూరలు అనుకున్నారు. అంత చోటు ఆవరణలో ఒక్క దగ్గరే ఉంది. ఆఫీసరు గారి కారు నిలబడే రేకుల నీడ.

"అదెలా కుదురుతుంది? మళ్లీ కట్టాలంటే మంజూరు కావాలి. ఏడాది పడుతుంది" అన్నారాయన.

"మంజూరు సంగతి మీరు చూసుకోండి. సమ్మెట సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు తాతయ్య.

ఇంటికొచ్చాక అమ్మమ్మ వదులుతుందా? "ఏమయ్యో, నీ పని మీద సమ్మెట పడదన్నావు?"

"ఇంకొకడి సమ్మెట పడదన్నాను."

"మాటకేం తక్కువ లేదు. అన్నం తిను, బలం కావాలిగా పగలగొట్టడానికి."

మర్నాడు ఆయన చాలాసేపు ఆ ర్యాంపు ముందు సమ్మెట పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. చివరికి వంగి చూసుకుని, తన మీసం ఎక్కడ కనబడిందో సరిగ్గా అక్కడే మొదటి దెబ్బ వేశాడు. సాయంత్రానికి అంతా రాళ్లగుట్ట అయింది.

కారు నీడ రేకులు విప్పించి, అక్కడ కొత్తది కట్టడానికి మూడు రోజులు పట్టింది. ఈసారి కాగితం చొక్కా జేబులోనే ఉంది. దాన్ని తీసి చూడటం, దారం లాగడం, మళ్లీ తీసి చూడటం. పరీక్ష రాసే పిల్లాడు కూడా అన్నిసార్లు పుస్తకం చూడడు. పక్కలకి పట్టుకునే కమ్మీలు పెట్టాడు. అంతా బాగానే సాగింది గానీ, ఆఖర్న గచ్చు తడిగా మెరిసేసరికి ఆయన చెయ్యి ఆగలేదు. తాపీతో రుద్దడం మొదలుపెట్టాడు. మీసం సగం కనబడింది కూడా. అదే సమయానికి క్యారియరు పట్టుకొచ్చిన అమ్మమ్మ చూసి, ఆ తాపీ లాక్కుంది.

"మళ్లీ అద్దమా? వాన పడితే ఆ పిల్ల ఏమవుతుంది? గీతలు పెట్టమని చెప్పలా?"

"కొద్దిగా నునుపు చేసి..."

"కొద్దిగా లేదు, గొప్పగా లేదు. ఇదిగో." లోపల మూలనున్న గట్టి చీపురు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నలభై ఏళ్ల కాపురంలో నీ చేతికి చీపురివ్వడం ఇదే మొదలు. గట్టిగా పట్టుకో."

తాతయ్య పచ్చి గచ్చు మీద అడ్డంగా చీపురు లాగుతూ పోయాడు. ఒక్కో గీతకీ ఆయన మొహం ముడుచుకుంటుంటే, చీపురు తగులుతున్నది ఆయన వీపుకేనేమో అనిపించింది. పూర్తయ్యాక అలవాటుగా మీసం మీదికి చెయ్యి వెళ్లింది. చూసుకోవడానికి ఏమీ కనబడక దిగిపోయింది.

తర్వాత ఎనిమిది రోజులు తడి గోనెలు కప్పి, పూటపూటా నీళ్లు పట్టాడు. మా వీధి కుక్క ఒకటి అంతకుముందే ఎక్కి నాలుగు అడుగులు అచ్చు వేసి పోయింది. పూడుద్దామా అంటే, "ఉండనీ, దాని కాళ్లు జారలేదుగా" అన్నాడు. గోనెలు తీశాక ఆసుపత్రిలో పాత చక్రాల కుర్చీ ఒకటి అడిగి తెచ్చుకుని, తానే పదకొండుసార్లు ఎక్కి దిగాడు. గడప చక్రానికి తగులుతోందని నేలకి సమంగా చెక్కించాడు. పుస్తకాలిచ్చే బల్ల కింద మోకాళ్లు దూరడం లేదని వడ్రంగిని పిలిపించాడు. ఆఫీసరు గారు మాత్రం ఎండలో కాలిన కారు తలుపు పట్టుకున్నప్పుడల్లా "అబ్బా" అని తాతయ్య వైపు చూసేవారు. తాతయ్య ఆకాశం వైపు చూసేవాడు.

పద్నాలుగో రోజు మేడం వచ్చారు. తాతయ్య రెండు చేతులూ చాచి ఆవిడ వెనకే నడవబోయాడు.

"చేతులు వెనక్కి పెట్టుకోండి మేస్త్రి గారూ."

ఆయన పెట్టుకున్నాడు. ముందుకు రాకుండా ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకున్నాడు. కుర్చీ నెమ్మదిగా ఎక్కింది. చీపురు గీతల మీద చక్రాలు బరబరలాడాయి. మలుపులో ఆవిడ ఆగి, ఊపిరి తీసుకుని, తిరిగి, మళ్లీ ఎక్కారు. గడప లేని గుమ్మం దాటారు. లోపల రిజిస్టరులో సంతకం చేసి, తల బయటికి పెట్టి, "మేస్త్రి గారూ, మీ సభ్యత్వం కార్డు ఎవరి పేరున రాయమంటారు? అద్దమా, చీపురా?" అని అరిచారు.

ఇప్పుడు ఆ మెట్లు ఎక్కేవాళ్లే తక్కువ. పసిపిల్లల బండ్లు ర్యాంపు మీదే వస్తాయి, అమ్మమ్మ మోకాళ్లు ర్యాంపు మీదే వస్తాయి. ఆఫీసరు గారికి నడుం పట్టేసినప్పుడు అటూ ఇటూ చూసి, ఎవరూ లేకపోతే ర్యాంపు మీదే వస్తారు. తాతయ్యకి మాత్రం పిచ్చి పట్టింది. ఎవరింటికి వెళ్లినా మనుషుల్ని పలకరించేముందు గుమ్మం కొలుస్తాడు. బ్యాంకులో రసమట్టం పెట్టి కూర్చుంటే కాపలావాడు బయటికి పంపాడు. మూడో రోజుకి ఆ కాపలావాడే, "మా అమ్మకి కాలు బాగోలేదు, మా ఇల్లు కూడా ఒకసారి చూస్తారా" అంటూ మా ఇంటికొచ్చాడు.

ఇదంతా రాసి, లైబ్రరీ అరుగు మీద కూర్చోబెట్టి, తాతయ్యకి మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"ఎలా ఉంది తాతయ్యా?"

"మొదటి మాటే నిట్టనిలువుగా ఉందే. ఎవడెక్కుతాడు? పగలగొట్టి మళ్లీ రాయి."