రైఫిల్ అమ్మలేదు, బోల్టు జేబులో ఉంది

ఈ రోజు విజయవాడ వన్ టౌన్‌లో తుపాకుల కొట్టుకి వెళ్ళాను. ఏటి మధ్య లంకలో మా చెరకు మీద పడే అడవిపందుల కోసం మా నాన్న కొన్న రైఫిల్ అమ్ముదామని. నాకు చూపు తగ్గింది, ఇక లైసెన్సు పొడిగించుకోను.

కొట్లో తెల్లచొక్కా వేసుకున్న ఒకడు కొనడానికి కూర్చుని ఉన్నాడు. నా రైఫిల్ భుజానికి ఆనించి, రోడ్డు మీద పోతున్న రిక్షావాడికి గురి చూశాడు. అప్పుడే నాకు ఒళ్ళు మండింది.

"దుర్భిణీ బిగిస్తే ఎంత దూరం కొడుద్ది తాతా?"

"వంద గజాల్లో పందిని కొట్టేవాళ్ళం."

"పంది ఎవడిక్కావాలి? జింకని కొట్టాలి. మూడొందల గజాల నుంచి కొడితే ఎవడికి తెలుసుద్ది?"

"జింకకి తెలుస్తుంది" అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు. "బేరం చెడగొట్టుకోకండి బాబాయిగారూ" అంటూ కొట్టాయనా నవ్వాడు. నేను రైఫిల్ చేతిలోకి తీసుకుని, తూటాని లోపలికి తోసే బోల్టు ఊడలాగి జేబులో వేసుకున్నాను.

"అది లేకపోతే ఇది ఉత్త కర్రేగా!" అని తెల్లచొక్కా అరిచాడు.

"కర్రతోనే కొట్టు. దగ్గరికెళ్ళి కొట్టు, చూద్దాం."

కొత్తవాళ్ళతో ఇంత మాట నేనెప్పుడూ అనలేదు. రైఫిల్ గోనెసంచిలో చుట్టుకుని చల్లపల్లి బస్సెక్కాను. రేపు బోల్టుతో సహా పోలీసు స్టేషన్లో అప్పగిస్తాను. ఊరికే ఇచ్చేస్తారా అని మా ఆవిడ సణుగుతోంది.

నేను చేసింది తప్పయితే చెప్పండి. జింకల్ని కొట్టేవాళ్ళు మాత్రం చెప్పనక్కర్లేదు.