పిండి మెషిన్ మీది మూట

ఆ పసుపు గుడ్డ మూట గుర్తొస్తే ఇప్పటికీ నాకు నోరంతా చేదవుతుంది. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు. పోయినందుకు ఒక్క పూట కూడా బాధపడలేదు.

గోపన్‌పల్లి వెనక ఒక రేకుల షెడ్డులో పెద్ద వంటశాల ఉండేది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుల క్యాంటీన్లకు మధ్యాహ్నం భోజనం అక్కడి నుంచే వెళ్ళేది. నేను అక్కడ సేఫ్టీ ఆఫీసరును. యంత్రాలు చట్టం చెప్పినట్టు ఉన్నాయో లేదో చూడటం, ఉన్నాయని సంతకం పెట్టడం నా పని. చూడటం తక్కువ, పెట్టడం ఎక్కువ. సేఫ్టీ వారోత్సవాలని ఏటా అందరిచేతా ప్రతిజ్ఞ చేయించి, కేకు కోసి, ఫోటోలు తీసి పై ఆఫీసుకు పంపేవాళ్ళం. ఆ ఫోటోల్లో ముందు వరసలో పళ్ళికిలించి నిలబడింది నేనే. ఛీ, ఇప్పుడు చూడబుద్ధి కాదు.

చపాతీ పిండి కలిపే మెషిన్ అంటే ఒక పెద్ద స్టీలు గంగాళం, లోపల తిరిగే వంకర ఇనప కడ్డీ. మూత తెరిస్తే అది ఆగిపోవాలి. అందుకోసం మూతకు చిన్న అయస్కాంతం, దానికి ఎదురుగా గంగాళం అంచున ఒక స్విచ్ ఉంటాయి. మూత లేవగానే అయస్కాంతం దూరమవుతుంది, కరెంటు తెగుతుంది. అంతే సంగతి. చట్టం అడిగేదీ అంతే. తిరిగే ఇనుముకీ మనిషి చేతికీ మధ్య ఏదో ఒక అడ్డు ఉండాలంటుంది.

ఆ ఏడు దసరాకు అన్ని మెషిన్లకూ ఆయుధపూజ చేశారు. పిండి మెషిన్‌కు ఆ స్విచ్ ఉన్న చోటే పసుపు గుడ్డలో ఏదో మూట కట్టి, ఎర్ర దారం బిగించి చుట్టి, కుంకుమ పెట్టారు. షెడ్డు ఇన్‌ఛార్జి స్వయంగా కట్టాడు. మర్నాడు పూలదండలు తీసేశారు గానీ మూట అలాగే ఉండిపోయింది. పిండి దగ్గర పనిచేసే ఆడవాళ్ళు పొద్దున్నే దాన్ని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుని గానీ మెషిన్ వేసేవాళ్ళు కాదు. అమ్మవారి మూట అనేవాళ్ళు. అది తమ చేతుల్ని కాపాడుతుందని వాళ్ళ నమ్మకం. ఒకసారి నేను కూడా సేఫ్టీ బూట్లు విప్పి మరీ దణ్ణం పెట్టుకున్నాను. పెట్టుకుని, మూత స్విచ్ పనిచేస్తున్నదా అన్న గడిలో టిక్కు కొట్టాను. మెషిన్ తిరుగుతుండగా మూత ఎత్తి చూస్తే చాలు, అర నిమిషం పని. పూజ చేసినదాన్ని కదిలించడం ఎందుకులే అనుకుని అదీ చూడలేదు.

ఆ మెషిన్ మీద ఇద్దరు తోటికోడళ్ళు పనిచేసేవాళ్ళు. పెద్దామెది గోపన్‌పల్లే. నేను ఆమెను అక్కా అనేదాన్ని. తన మరిది భార్యను ఈ పనిలో పెట్టించింది కూడా ఆమే. చిన్నామెది తక్కువ మాట, ఎక్కువ పని.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆ చిన్నామె కుడిచేతి వేళ్ళు రెండు మెషిన్‌లో పోయాయి. నేను పరుగెత్తుకెళ్ళేసరికి మెషిన్ ఆపేశారు, ఆమెను దవాఖానకు తీసుకుపోతున్నారు. గంగాళంలో పిండి అలాగే ఉంది. ఆ పిండిని పారబోయించడానికి కూడా నేను గొంతు చించుకుని అరవాల్సి వచ్చింది. ఇన్‌ఛార్జి మొహం చూస్తే, పైన కొంచెం తీసేస్తే సరిపోదా అన్నట్టుంది.

గంట తిరక్కముందే షెడ్డంతా ఒకటే మాట. ఆమె ముట్టుతో ఉండి మెషిన్ ముట్టుకుందట, అమ్మవారికి కోపం వచ్చిందట. అందరికంటే గట్టిగా అన్నది అక్కే.

"మైల ఉండి ముట్టింది మేడం. లేకుంటె అమ్మవారు గట్ల చేస్తదా? ఇంటి పరువు తీసింది."

నేను చదువుకున్నదాన్ని కదా, మైల అనలేదు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు పంపే ప్రమాద నివేదికలో కార్మికురాలి అజాగ్రత్త అని రాశాను. మూత తెరిచి ఉంటే మెషిన్ ఎలా తిరిగిందన్న చిన్న ప్రశ్న నా బుర్రకు తట్టలేదు. తట్టలేదు అనడం కూడా అబద్ధమే. తట్టింది, తోసేశాను.

ఆమె మళ్ళీ పనికి రాలేదు. గోపన్‌పల్లిలోని అత్తింట్లో ఆమెను దేవుడి గూటి దగ్గరికి రానివ్వడం మానేశారు. ఆషాఢంలో బోనం కుండ కూడా తాకనివ్వలేదని అక్క నాతో ఏదో ఘనకార్యం చేసినట్టు చెప్పింది. తన చెయ్యి తానే పోగొట్టుకున్న పాపిష్ఠిది అని ఆ మనిషికి ముద్ర పడిపోయింది. ఆ ముద్ర కింద నా సంతకం కూడా ఉంది.

శ్రావణంలో మా భోజనం తినే ఒక కంపెనీ వాళ్ళు వంటశాల చూడటానికి వస్తామన్నారు. ముందురోజు నేను షెడ్డంతా తిరుగుతున్నాను. మూట దగ్గర కుళ్ళు వాసన. పిండి పేరుకుని, తడికి బూజు పట్టి, గుడ్డ నల్లబడిపోయింది. ఒక బొద్దింక అందులోంచి బయటికొచ్చి తాపీగా గంగాళం అంచు మీద నడిచింది. ఇదా తిండి చేసే చోటు! చిరాకు పుట్టి, కొత్త గుడ్డ కట్టిద్దామని కత్తెరతో దారాలు కోసి మూట పీకాను.

మెషిన్ ఆగిపోయింది.

అక్క అప్పుడు మూత తెరిచి, గంగాళం గోడలకు అంటిన పిండి గీకుతూ ఉంది. గీకుతున్న చెయ్యి అలాగే పెట్టి, నా చేతిలోని మూట వంక చూసి కెవ్వుమంది.

"అయ్యో మేడం! ఎంత పని చేసినవ్! అమ్మవారు అలిగింది, సూడు!"

అందరూ దణ్ణాలు పెట్టేస్తున్నారు. నేను మాత్రం మూత వంకే చూస్తున్నాను. మూత తెరిచి ఉంది. ఇంతసేపూ తెరిచే ఉంది. మూట విప్పాను. ఒక పసుపు కొమ్ము, నాలుగు అక్షింతలు, వాటి మధ్య రూపాయి బిళ్ళంత అయస్కాంతం. మూతకు ఉండవలసినదాన్ని పీకి, స్విచ్‌కే ఆనించి కట్టేశారు. మూత తెరిచినా మూసినా స్విచ్‌కు తేడా తెలియదు.

ఇన్‌ఛార్జిని పిలిచి చూపించాను. నదురూ బెదురూ లేదు.

"ఏం చెయ్యమంటారండీ మేడం? నీళ్ళు పొయ్యాలన్నా, పిండి గీకాలన్నా మూత తెరవాలి. తెరిచినప్పుడల్లా ఆగిపోతే పన్నెండింటికి చపాతీ అందదండి."

"అందుకని? గుడ్డలో పెట్టి పూజ ఎందుకు చేసినావ్?"

"టేపు వేస్తే ఎవడో ఒకడు పీకేస్తాడండి. ఇలాగైతే ఎవరూ కదిలించరు. మీరూ కదిలించలేదు కదండీ."

ఆ మాటకు ఒళ్ళు భగ్గున మండింది. వాడి చెంప పగలగొట్టాలనిపించింది, ఆ వెంటనే నాదీ. రేపు వాళ్ళొచ్చి వెళ్ళాక మళ్ళీ కట్టేద్దాం అని కూడా అన్నాడు ఆ సిగ్గులేని మనిషి. నేను మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి నా సంచిలో పడేసుకున్నాను. చపాతీల సంగతి నువ్వే చూసుకో అన్నాను.

అక్కకు నమ్మకం కుదరలేదు. గంగాళంలోని పిండి తీయించి, తాళం తీసి ఆమె ముందే చేసి చూపించాను. అయస్కాంతం స్విచ్‌కు ఆనించి, మెషిన్ వేసి, మూత తెరిచి, ఖాళీ గంగాళంలోకి అప్పడాల కర్ర జారవిడిచాను. పుటుక్కున రెండు ముక్కలైంది. అక్క ఆ ముక్కలు చూసింది, తన చెయ్యి చూసుకుంది. గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది.

"మా యారాలిని ఎన్ని మాటలన్న మేడం! నా నోట్ల మన్నువడ!"

ఆ సాయంత్రం ఇద్దరం ఆటోలో పుప్పాలగూడ వెళ్ళాం. చిన్నామె వాళ్ళది అపార్ట్‌మెంట్ల సందులో కిరాయి గది. ఇన్‌స్పెక్టరుకు పంపడానికి కొత్త నివేదిక రాసుకుని వెళ్ళాను. అక్క గడప దగ్గరే ఆగిపోయింది. నేను మూటలో ఏముందో చెప్తుంటే చిన్నామె తల వంచుకుని వింది. చివరికి తోటికోడలి వైపు చూసి, "ఆ దినం నాకు ముట్టు గూడ కాలేదక్కా. ఎవ్వరన్న అడిగిన్రా?" అంది. అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నేను కాగితం తీశాను. ఇందులో నీ తప్పు లేదని రాశాను, సంతకం పెట్టు అన్నాను.

"ముందు సదువు."

చదివాను. "మూతకు ఉండవలసిన రక్షణ తొలగించబడి ఉన్నది. తనిఖీ సరిగా జరుపబడలేదు. కావున ప్రమాదము సంభవించినది."

"తొలగించబడి అంటె?"

"తీసేసినారని."

"ఎవలు తీసేసిన్రు?"

కాగితంలో ఆ పేరు లేదు.

"పోయినసారి నా పేరు రాసినవంట గద మేడం, అజాగ్రత్త అని. మీ వంతు వచ్చేసరికి దానంతట అదే తొలగిపోయిందా?"

పెన్ను తీసి ఆ వాక్యాలు కొట్టేశాను. ఇన్‌ఛార్జి తీసేశాడని అతని పేరుతో రాశాను. తనిఖీ చేయకుండా సంతకం పెట్టింది నేనని నా పేరు రాశాను. ఆమె కాగితం తన వైపు తిప్పుకుని, మిగిలిన మూడు వేళ్ళతో పట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. నా పేరు దగ్గర ఆగింది.

"నాది ఇంటిపేరుతోని రాసినవ్," అంది. "నీది గూడ రాయి."