బాగలేదని చెప్పి పిలిచిన చేను

మంచి పంటను పదిమందికీ చూపించడం నా ఉద్యోగం. మంచి పంటను పదిమంది కంటా పడకుండా దాచుకోవడం మా వైపు రైతుల అలవాటు. ఈ రెండింటి మధ్యా స్కూటర్ మీద తిరుగుతూ నా వయసు గడిచిపోతోంది.

ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఏ రైతునైనా చేను ఎలా ఉందని అడగండి. కాయల బరువుకు కొమ్మలు వంగిపోతున్నా సరే, "ఏదో ఉందిలే" అంటాడు. ఎంత బాగుంటే అంత విసుగ్గా అంటాడు. పక్క చేనువాడు చూసి బాగుందన్నాడంటే ఇక ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని చేనికి దిష్టి తీయడానికి బయల్దేరతారు. నేను నంద్యాలలో పుట్టి పెరిగినదాన్ని, ఇవన్నీ నాకు తెలియనివి కావు. కానీ వ్యవసాయం చదువుకునేటప్పుడు మాకు నేర్పిన పద్ధతి వేరు. కొత్త పద్ధతిని ఒక చేనులో చేసి చూపించు, పంట బాగున్నప్పుడు ఊరందరినీ పిలువు, చూసి నేర్చుకుంటారు అన్నారు. ఆ పాఠం రాసినాయన దిష్టి అన్నది లేని ఊళ్లో పుట్టి ఉంటాడు.

అంతకుముందు మీటింగులు పెట్టి చూశాను. తెర మీద పురుగు బొమ్మ వేసి నేను గొంతు చించుకుంటుంటే ముందు వరుసలో పెద్దమనుషులు హాయిగా కునుకు తీసేవారు. బోండాలు రాగానే అందరికీ ఒకేసారి మెలకువ వచ్చేది. ఫోన్లో గ్రూపు పెట్టాను. నా సలహా ఒకటి అందులో పడగానే, దాని వెనకే దేవుళ్ల ఫొటోలూ, అమ్మకానికున్న పాడి ఎనుముల ఫొటోలూ వచ్చి దాన్ని కప్పేసేవి. ఒక ఎనుముకు వచ్చిన ప్రశ్నల్లో సగం నా పురుగుకు వచ్చినా సంతోషించేదాన్ని.

అలాంటి మీటింగులో ఒకసారి వెనక నుంచి ఒకామె లేచి, పురుగు కనపడకముందే మందెందుకు కొడతారని అడిగింది. దొర్నిపాడు దగ్గర పల్లె ఆమెది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. పెళ్లయినప్పటి నుంచీ తమ రెండు చేలల్లోనూ కలుపు తీసిందీ, కోత కోసిందీ ఆమే. ఏ విత్తనం వేయాలో, ఎప్పుడు మందు కొట్టాలో మాత్రం ఆమె భర్తా ఆయన స్నేహితులూ టీ అంగడిలో కూర్చుని తేల్చేవారు. ఆ తేల్చే మాటలో తనకూ వంతు కావాలన్నది ఆమె పట్టుదల. పోరగా పోరగా, దారి పక్కనున్న కింది చేనులో శనగ ఒక్క పంట ఆమె ఇష్టానికి వదిలాడాయన.

"ఈ ఒక్క పంట నీ ఇష్టం. పురుగు తినిందంటే మాత్రం మళ్లా చేను మాట ఎత్తగూడదు" అని నా ఎదురుగానే చెప్పాడు. ఆమె సరేనంది. ఆమె నమ్ముకున్నది మాత్రం నా మాటలను.

శనగ కాయలను తొలిచే పచ్చపురుగును పిట్టలు ఇష్టంగా తింటాయి. అవి వాలడానికి చేనులో అక్కడక్కడా పంగల కర్రలు పాతమని చెప్పాను. మా పుస్తకాల్లో వాటిని పక్షి స్థావరాలంటారు. ఆ మాట విని, కర్రముక్కకు అంత పేరా అని ఆమె నవ్వింది. కొన్నాళ్లకు వెళ్లి చూస్తే కర్రలన్నీ చక్కగా పాతి ఉన్నాయి. వాటి నట్టనడుమ నిలువెత్తు దిష్టిబొమ్మ చేతులు చాపుకుని నిలబడి ఉంది. గడ్డి ఒళ్లు, మొగుడి పాత చొక్కా, మసికుండ తల, సున్నం కళ్లు, పైగా కోరమీసం. పిట్టలను రమ్మని కర్రలు పాతింది, వచ్చిన పిట్ట గుండె ఆగిపోవడానికి బొమ్మ పెట్టింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చుట్టాన్ని భోజనానికి పిలిచి గుమ్మంలో కుక్కను కట్టేస్తామా అక్కా అని అరిచాను. ఆమె తొణకలేదు.

"బొమ్మ పిట్టలకు గాదు మేడం, మనుషులకు. దారి పక్కన చేను ఇది. తీసేది ల్యా" అంది.

గట్టు మీద ఎండలో నిలబడి చాలాసేపు పోట్లాడుకున్నాం. చివరికి బొమ్మ ఉండేటట్టూ, పొద్దున్నే కర్రల దగ్గర పిట్టలు తినడానికి బొరుగులు చల్లేటట్టూ ఒప్పందం కుదిరింది. ఆ కోపంలో నా ఆఫీసు టోపీ గట్టు మీదే మరిచిపోయి వచ్చేశాను.

మొదట్లో ఒక్క పిట్టా రాలేదు. ఆమె భర్త రోజూ గట్టు మీదికి వచ్చి ఆకులు తిరగేసి చూసి, ఇంటికెళ్లి మందు కొట్టే ట్యాంకీ కడిగి ఎండలో పెట్టేవాడట. ఆ సంగతి విన్నప్పుడల్లా నాకు నిద్ర పట్టేది కాదు. ఒకనాటి పొద్దున ఆమె ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా ఫోన్‌ను చేనివైపు పెట్టింది. ఒకటే కిచకిచలు. పరుగున వెళ్లి చూశాను. కర్రల మీద గోరింకలు, కాకులు. బొమ్మ చాపిన చేతుల మీద కూడా వరసగా గోరింకలే. బొమ్మ నెత్తిన నా టోపీ.

"నీ మాదిరే ఉంది మేడం, నోరొక్కటే ల్యా. అందుకే పిట్టలు బెదరకుండా వస్తాండాయి" అంది ఆమె.

పైకి కోపం నటించాను గానీ, ఆళ్లగడ్డ చేరేదాకా స్కూటర్ మీద ఒంటరిగా నవ్వుకుంటూనే ఉన్నాను.

కాయ పట్టింది. ఆ దారిలో అలాంటి శనగ చేను ఇంకొకటి లేదు. మా ఆఫీసరు వెంటనే షామియానా, మైకు అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మందిని పిలిచి బాగుంది బాగుంది అని మైకులో అరిస్తే తన చేను ఏమైపోవాలని నిలదీసింది. కోతకు ముందు ఏ పురుగు వచ్చి పడినా ఆమె పోగొట్టుకునేది ఆ పంటతో ఆగదు. అది నాకూ తెలుసు, కాబట్టి గట్టిగా అడగలేకపోయాను. అయినా ఇంకెవరూ చూడకపోతే ఎట్లా నేర్చుకుంటారని గొణిగాను.

"చూసేకి రావద్దని నేనన్లేదు. బాగుందని చెప్పి పిలవొద్దంటాండ" అంది.

"అయితే బాగలేదని చెప్పి పిలుస్తా" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వునే అనుమతిగా తీసుకున్నాను.

ఆ ఊరి టీ అంగడి నడిపేది ఒక భాయ్, మర్యాదస్తుడు. చేను ఎట్లుంది మేడం అని ఆయన అలవాటుగా అడిగాడు. ముఖం వేలాడేసుకుని, కింది చేను సంగతి మాత్రం అడగొద్దన్నాను. టీ సగంలో వదిలేసి, ఒక నిట్టూర్పు విడిచి లేచాను. మిగతా పని అంగడే చూసుకుంది. తెల్లారేసరికి పురుగు కాయలు మాత్రమే కాదు, కర్రలను కూడా కొరికేసిందనీ, నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాననీ ఊరంతా తెలిసిపోయింది.

బోండాలు పెట్టినా రాని మనుషులందరూ నోట్లో వేపపుల్లతో పొద్దున్నే చేను దగ్గరికి వచ్చారు. ఆడమనిషి సేద్యమూ, ఆఫీసు సేద్యమూ ఒకేసారి మునిగిపోవడాన్ని చూసి ఓదార్చి పోదామని వచ్చారు. గట్టెక్కగానే ఒకాయన చేనులోకి దిగి కొమ్మ వంచి చూశాడు. ఇంకొకాయన కాయలకు రంధ్రాలున్నాయేమోనని వెతికాడు. మీటింగులో ముందు వరుసలో నిద్రపోయే పెద్దాయన, ఈ కర్రలు ఎందుకు, వాటి కింద చల్లిందేంది అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆమె నిదానంగా అన్నిటికీ జవాబు చెప్పింది. నేను బొమ్మ పక్కనే నిలబడి బొమ్మలాగే నోరు మూసుకున్నాను.

మేము లెక్కలోకి తీసుకోనిది ఒక్కటే. ఆమె భర్త పది రోజులుగా నందికొట్కూరులో చెల్లెలింట్లో ఉన్నాడు. కబురు అక్కడికీ పోయింది. మొదటి బస్సుకే వచ్చి, ఇంట్లోంచి ట్యాంకీ వీపున తగిలించుకుని నేరుగా చేను దగ్గరికి వచ్చాడు. మంది పక్కకు తప్పుకున్నారు. అందరి ముందూ ఆమెను ఏమంటాడోనని భయపడ్డాను. నా కొంటెతనానికి ఆమె బలవుతోందనిపించింది.

ఆమె ఒక కొమ్మ విరిచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఒక కాయ ఒలిచాడు, ఇంకోటి ఒలిచాడు. చేనులోకి నడిచి ఆ చివరిదాకా వెళ్లాడు. తన చొక్కా, నా టోపీ వేసుకున్న బొమ్మ దగ్గర కాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చి ట్యాంకీ దించి గట్టు మీద పెట్టాడు.

"ఏం బాగలేదు" అన్నాడు, ఎక్కడలేని విసుగుతో. "వచ్చే ఏడు పై చేను గూడా నువ్వే చూసుకో."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. "అవునన్నా, ఏం బాగలేదు" అని మందిలో ఎవరో అన్నారు. పెద్దాయన తలాడించాడు. తర్వాత అందరూ ఒక్కొక్కరే ఏం బాగలేదు, ఏం బాగలేదు అనుకుంటూ తమ తమ చేలల్లో పాతడానికి కర్రలు ఎక్కడ దొరుకుతాయో మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. అంతమంది కలిసి ఒక చేనును అంతగా మెచ్చుకోవడం నేను మళ్లీ వినలేదు.