పక్క గది ముందు చెప్పులు

మా పక్క గది సారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను క్లాసులో బోర్డు తుడుస్తున్నాను. అటెండరు తలుపు దగ్గర నిలబడి, "సారు ఇంక లేరంట మేడమ్. తెల్లారుజామున నిద్దర్లోనే పొయ్యినారంట" అన్నాడు. వరండాలో ఆయన విద్యార్థులు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. నిజం చెప్తున్నాను, నాకు మొదట ఏడుపు రాలేదు, కుళ్ళు వచ్చింది. నేను పోతే ఇంతమంది ఏడుస్తారా అనుకున్నాను.

ఇద్దరం చరిత్రే చెప్పేవాళ్ళం, ఒకే గోడకి ఇటూ అటూ. ఆయనది తరతరాలుగా కొండ మీద స్వామికి పూలు కట్టిన కుటుంబం. మాది చంద్రగిరి దగ్గర వేరుశెనగ పండించుకునే ఇల్లు. మా విశ్వవిద్యాలయం ఆ స్వామి గుడి ఇచ్చిన నేల మీద, భక్తుల కానుకలతో మొదలైంది. ఇప్పుడది ప్రభుత్వానిది. నాకు అదంతా పాఠంలో ఒక పేరా. ఆయనకు సొంతింటి ముచ్చట.

ఆయన చెప్పులు గది బయట విడిచి పాఠం చెప్పేవారు. ఎవర్నీ విడవమనలేదు. అయినా పిల్లలంతా విడిచేవాళ్ళు. ఆ చెప్పులు ఆయన గుమ్మం నిండిపోయి నా గుమ్మం దాకా వచ్చేవి. నా పిల్లలు వాటిని దాటుకుని లోపలికి రావాలి. నాకు ఒళ్ళు మండేది.

"ఇది గుడి కాదు సార్, యూనివర్సిటీ" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

ఆయన నవ్వారు. "గుడి అని కాదమ్మా. యాడాడోళ్ళో బిడ్డ బతకల్లని, పంట పండల్లని మొక్కుకోని ఏసిన కానుకలు ఈ గోడలు. ఆ కానుకలకి తగినట్టు మన క్లాసు బాగుండల్ల గదా మరి. అది మర్చిపోకుండా ఉండేదానికి ఇడుస్తా."

ఒక ముస్లిం అమ్మాయి గుమ్మంలో తటపటాయిస్తుంటే ఆయన అన్న మాట కూడా నా గదిలోకి వినబడింది. "ఏసుకోనే రామ్మా. మొక్కు నాది, నీది కాదు. కొండకు అందురూ వస్తారు, ఈడికీ అందురూ రావల్ల." ఆ మాట నాకెందుకు తోచదా అని ఆ రోజంతా కుమిలిపోయాను.

నాకు జ్వరమొస్తే నా క్లాసులు ఆయనే తీసుకున్నారు. తిరిగొచ్చాక నా పిల్లలు, "సారు మళ్ళా రారా మేడమ్?" అని అడిగారు. ఇంకోసారి నేను చంద్రగిరి కోట గురించి చెప్తుంటే ఆయన వరండాలో నిలబడి చివరిదాకా విన్నారు. "నీ మాదిరి నేను చెప్పలేనమ్మా" అని, మర్నాడు తన క్లాసు మొత్తాన్ని నా గదికి పంపించారు. ఈ ఉద్యోగంలో నాకు దక్కిన పెద్ద మెప్పు అదే, ఆయనకు రుణపడి ఉన్నాను. కానీ బయట అందరూ ఏమన్నారు? సారుది ఎంత పెద్ద మనసో అన్నారు.

పోయిన వారం డిపార్టుమెంటు వాళ్ళు ఆయన క్లాసు నాకు అప్పగించారు. ఇన్నేళ్ళూ నేను కోరుకున్న పిల్లలు, కోరుకున్న గది. చెప్పులతోనే వెళ్ళాలని నిశ్చయించుకుని బయల్దేరాను. గుమ్మం ముందు పిల్లల చెప్పులు వరుసగా ఉన్నాయి. తలుపు పక్కన, ఆయన విడిచే చోట మాత్రం ఖాళీ వదిలారు. అక్కడ నా కాళ్ళు ఆగిపోయాయి. నేనూ విడిచాను, ఆ ఖాళీలో కాదు, దాని పక్కన.

పాఠం బాగానే చెప్పాను. ఆయన ఉంటే వరండాలో నిలబడి వినేవారు.

గంట కొట్టగానే పిల్లలు బిలబిలా బయటికి పోయారు. గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆ ఖాళీ మీద ఒక్కరూ అడుగు వేయలేదు, అందరూ పక్కకు తప్పుకుని పోయారు. తప్పుకున్న వాళ్ళంతా నా చెప్పుల్ని తొక్కుకుంటూ పోయారు. ఒకటి మెట్ల దాకా వెళ్ళి బోర్లా పడింది.