రషీద్ ఆకుపచ్చ ముడి

ఒమాన్‌లోని సమాయిల్‌లో రషీద్ కుట్టిన డిష్‌డాషాలు, అంటే మగవాళ్ళ పొడుగు అంగీలు, తొడుక్కునేవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ కుడి జేబును లోపలి నుంచి బయటికి లాగి చూసినవాళ్ళు దాదాపు లేరు. ఎందుకు చూస్తారు? జేబులో చెయ్యి పెట్టేది ఫోను కోసం, తాళంచెవుల కోసం. చూస్తే మాత్రం జేబు అడుగున ఏటవాలుగా మూడు చిన్న ఆకుపచ్చ కుట్లు, వాటి చివర ఒక ముడి కనిపిస్తాయి. అది రషీద్ గుర్తు.

గుర్తు పెట్టే పిచ్చి అతనొక్కడిదే అనుకునేరు. మస్కట్ చుట్టుపక్కల కుట్టుపని చేసే కడపవాళ్ళకు ఒక జమాత్, సంఘం లాంటిది, ఉంది. దానికి బోర్డు లేదు, రసీదు పుస్తకం లేదు. మస్కట్‌లోని ఘాలాలో ఉస్తాద్ అర్ఫాత్ నడిపే దుకాణమే దాని ఆఫీసు. శుక్రవారం నమాజు తర్వాత షట్టరు సగం దించారంటే జమాత్ కూర్చున్నట్టే. పూర్వం ముత్రాలో ఒకే దుకాణంలో పనిచేసిన కడప దర్జీలు, చిరిగిన జేబొకటి తిరిగొస్తే అది నాది కాదంటే నాది కాదని కొట్టుకోబోయారట. తగువు తీర్చిన పెద్దాయన ఒక్కొక్కరికీ ఒక్కో రంగు దారం పంచి, ఇకనుంచి ఎవరి కుట్టుకు వాళ్ళే పూచీ అన్నాడట. గొప్పలు చెప్పుకోవడానికి పుట్టిన ఆచారం కాదిది, తప్పించుకోకుండా ఉండడానికి పుట్టింది. అందుకే ఇన్నాళ్ళు నిలిచింది.

ఒక రంగుకు ఒకటే చెయ్యి. ఇంకొకరు ఆ రంగు పెట్టకూడదు. పని మానుకునేవాడు తన రంగును తనకు నచ్చినవాళ్ళకు ఇవ్వొచ్చు. దానికీ ఒక పద్ధతుంది. పుచ్చుకునేవాళ్ళు సూది పట్టుకోవాలి, ఇచ్చేవాడు తన చేత్తో అందులోకి దారం ఎక్కించాలి. అందరూ చూస్తుండగా ఎక్కించాలి, ఎవరూ సాయపడకూడదు. ఆ తర్వాత అతను మళ్ళీ ఆ గుర్తు పెట్టకూడదు.

రషీద్‌కు ఆకుపచ్చ దక్కినప్పుడు అతనికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. అప్పటినుంచి అదే అతని ఊరూ పేరూ. మనిషి నెమ్మదస్తుడే గానీ కుట్టు దగ్గర మహా గీర. మెడ దగ్గర వేలాడే కుచ్చును ఒమానీలు అత్తరులో ముంచుకుంటారు. ఆ కుచ్చు రెండో చెయ్యి పడకుండా తానే కట్టేవాడు. "వాళ్ళు ముక్కు పెట్టి వాసన చూసేది నా పని మీదనే" అని మురిసిపోయేవాడు.

భార్య జాహిదాకు కూడా అతను పనిచేసే దుకాణం వీసానే. యజమాని ఫహద్ వాళ్ళిద్దరినీ పిలిపించుకున్నాడు. చెక్క అడ్డుగోడకు ఇవతల రషీద్ మగవాళ్ళ బట్టలు, అవతల జాహిదా ఆడవాళ్ళు పైన వేసుకునే నల్లటి అబాయాలు. ఆమెది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఆ చేతికి దెబ్బలు పడ్డాయి గానీ అది మాట వినలేదు.

రెండేళ్ళ కిందట రషీద్ కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మిషను మీద ఎలాగో నడిచేది. సూది పని దగ్గర మాత్రం చెయ్యి ఎదురు తిరిగేది. ఒకసారి పండగ ముందు, పెళ్ళికొడుకు డిష్‌డాషా మెడ దగ్గర అతను కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం జాహిదా అడ్డుగోడ సందులోంచి చూసింది. వచ్చి బట్ట తీసుకుపోయింది. మెడ కుట్టింది, కుచ్చు కట్టింది. జేబు దగ్గరికి వచ్చి ఆగింది.

"ఆకుపచ్చ పెట్టేదా?" అని అడిగింది.

వద్దనాలి. రషీద్‌కు తెలుసు. కానీ ఆ ముడి లేని బట్ట దుకాణం దాటితే తాను ఎవరన్నట్టు? తలూపాడు. ఆ తర్వాత గుర్తు ఎప్పుడూ ఆమే పెట్టేది; ఆమె అడగనూ లేదు, అతను తలూపనూ లేదు.

మొన్న ఉస్తాద్ ఫోను చేశాడు. సమాయిల్ నుంచి మస్కట్ మారిన ఒకాయన నడుము వదులు చేయమని డిష్‌డాషా తెచ్చి ఉస్తాద్ దుకాణంలో ఇచ్చాడు. జేబు తిప్పితే ఆకుపచ్చ గుర్తు ఉంది. కానీ కుట్లు అవతలి పక్కకు వాలి ఉన్నాయి.

"నీ గుర్తు యెవడో కాజేసినాడప్పా!" ఉస్తాద్ గొంతులో కోపం కంటే ప్రేమే ఎక్కువ. "శుక్రవారం రా. వాడెవడో తేలుస్తాం."

దొంగను పట్టడానికి దొంగనే పిలిచినట్టయింది. నోరు మూసుకుంటే గుర్తు నిలుస్తుంది. నోరు తెరిస్తే పోతుంది. శుక్రవారం బస్సులో ఘాలా వచ్చేదాకా జాహిదా అతని చెయ్యి తన ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఉస్తాద్ దుకాణంలో ఆమె లోపల ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చుంది. ముందు గదిలో చాపల మీద మగవాళ్ళు. డిష్‌డాషా చేతులు మారింది.

"ఎడమచెయ్యి పని" అన్నాడొకాయన.

అంతే, తలలన్నీ షోయబ్ వైపు తిరిగాయి. జమాత్‌లో ఎడమచేతి వాటం ఉన్నది అతనొక్కడికే. ఇద్దరు బిడ్డల తండ్రి, ఎవరి జోలికీ పోనివాడు. అతని ముఖం చూస్తుండగానే నల్లబడిపోయింది.

రషీద్ అది భరించలేకపోయాడు. "షోయబ్‌ని చూడొద్దండప్పా. అది జాహిదా చెయ్యి. నా చెయ్యి వణుకుతాంది ఉస్తాద్. రెండేండ్లాయ. సూది పట్టలేను."

ఉస్తాద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చెయ్యి వణికేది తప్పు కాదు. మాకు చెప్పకుండా దాచినావు చూడు, అది తప్పు" అన్నాడు. "ఒక రంగుకు రెండు చేతులు కుదరవు రషీదూ. నీ దగ్గరే పెట్టుకుంటావో, ఇచ్చేస్తావో తేల్చుకో."

"ఇచ్చేస్తా. జాహిదాకు."

"ఆడమనిషికి ఎప్పుడన్నా ఇచ్చినామా?" అని ఒక మూల నుంచి గొణుగుడు.

"ఒకటే చెయ్యి అని ఆచారం. మగచెయ్యని యాడ ఉండాది?" అని ఉస్తాద్ గద్దించాడు.

జాహిదా తలమీద కొంగు సర్దుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "నాకొద్దు ఉస్తాద్. ఆకుపచ్చ ఆయనది. నాకు ఇంకో రంగు ఏదన్నా ఇయ్యండి."

"ఇంకో రంగు నీకెందుకు?" అన్నాడు రషీద్. "జనం తొడుక్కుంటాండేది నీ ఆకుపచ్చనే కదా. రా, కూర్చో."

దారం కదలకుండా ఫ్యాను ఆపారు. ఆమె ఎదురుగా కూర్చుని సూది నిలబెట్టింది. రషీద్ దారం కొస పెదవులతో తడిపి, నులిమి, ముందుకు తెచ్చాడు. కొస సూది పక్కనుంచి పోయింది. మళ్ళీ తెచ్చాడు. ఈసారి పైనుంచి పోయింది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. అప్పుడు రెండు చేతులూ వణికాయి. జీవితమంతా సూదితోనే బతికినవాళ్ళు ఆ గదినిండా ఉన్నారు. ఎవరికి వాళ్ళకు వేళ్ళు జిలపెడుతున్నాయి. షోయబ్ చెయ్యి తనకు తెలియకుండానే ముందుకొచ్చింది. ఉస్తాద్ వద్దన్నట్టు చూశాడు. రషీద్ నుదుటి చెమట కంట్లోకి దిగింది. రంగు పోతున్నందుకు కాదు, ఇవ్వడానికి కూడా పనికిరానివాడినయ్యానే అని అతనికి ఏడుపొచ్చింది.

జాహిదా దారం వైపు చూడడం లేదు. అతని చేతినే చూస్తోంది. రోజూ ఆ చెయ్యి అందించే టీ తొణకకుండా అందుకునేది ఆమే. చొక్కా గుండీలు పెట్టేదీ ఆమే. ఎటు ఊగుతుందో, ఊగి ఎక్కడ ఒక్క క్షణం ఆగుతుందో ఆమెకు తెలిసినంతగా అతనికి కూడా తెలియదు. ఆమె చేతిలో సూది మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. అతని చెయ్యి ఇటొస్తే ఇటు, అటుపోతే అటు. రెండు చేతులూ ఒక్కటిగా ఊగుతుండగా దారం సూది బెజ్జంలోకి దూరింది.

"ఉస్తాద్, సూది కదిలింది!" అన్నాడు మూలనున్న ఆయనే.

"చూసినాలే. సూది కదలకూడదని ఆచారంలో యాడ ఉండాది?" అని ఉస్తాద్ లేచి ఫ్యాను వేశాడు. ఆయన కళ్ళజోడు మళ్ళీ తుడుచుకోవలసి వచ్చింది.

అందరూ ఒక్కసారిగా మాట్లాడసాగారు. షోయబ్ వచ్చి రషీద్ భుజం పట్టుకున్నాడు. రషీద్ నవ్వాడు గానీ ఖాళీ అయిన వేళ్ళను ఏం చేసుకోవాలో అతనికి తెలియలేదు. కాసేపటికి తన కుర్తా జేబును తానే బయటికి లాగాడు. దాని అడుగున ఏ గుర్తూ లేదు. ఊళ్ళో అందరికీ పెట్టినవాడు తన బట్టకు ఎప్పుడూ పెట్టుకోలేదు.

"మొదటిది నాకు కుట్టు" అన్నాడు.

జాహిదా పక్కకు జరిగి జేబు అందుకుంది. ఎడమచేత్తో సూది దించబోతే జేబు అంచు పట్టుకున్న అతని చెయ్యి వణికి బట్ట కదిలింది.

"అజీ, కదలొద్దు" అంది, దర్జీలందరూ అనే మాటే. వెంటనే నాలుక కరుచుకుంది. తన చేతిని అతని చేతితోపాటు ఊగనిస్తూ, "కదులు, కదిలితే ఏమి? నేనుండాను కదా" అంది.