సీసాలో బల్లి పలికింది

జువాలజీ చదువుతున్నానన్న ధీమాతో నేను ఇంట్లో రెండు బల్లుల్ని పెంచుతున్నాను. మగదానికో గాజు సీసా, ఆడదానికో సీసా. ఈరోజు ఉరవకొండ నుంచి మా అత్త, అంటే నాయన చెల్లెలు, నాకో సంబంధం తెచ్చింది. రాగానే ఆమె చూపు సీసాల మీద పడింది.

"రెండిట్నీ ఒకేదాంట్లో ఏంటికి పెట్టలేదే?"

"ఆడది ఇంకా ఎదగలేదత్తా. తోక ఎంత సన్నగా ఉండాదో చూడు. ఒళ్లు నిండకముందే గుడ్లు పెడితే సచ్చిపోతుంది. ఇంకో ఏడు ఆగల్ల."

నిజమేనన్నట్టు తలూపి, అత్త నాయన వైపు తిరిగింది. "పిల్లకు పద్దెనిమిది నిండినాయి కదన్నా. ఇంకా చదువేంటికి? ఈ శ్రావణంలోనే పెండ్లి చేసేద్దాం."

నాయన రేడియో గొంతు తగ్గించి నా పుస్తకాల వైపు చూశాడు. నాకు కాస్త ఆశ పుట్టింది. అంతలో ఆడబల్లి సీసాలోంచి టక్ టక్‌మని పలికింది. అత్త వేళ్లతో నేల తట్టి "సత్యం" అంది. బల్లి పలికాక మా ఇంట్లో ఎవరూ ఆ మాట కాదనరు. నాయన పంచాంగం తెమ్మన్నాడు.

ఆ ఆడబల్లికి ఏడాది గడువు ఇప్పించింది నేను. నాకు అది శ్రావణం దాకా ఇచ్చింది.

ఇందాక మూత తీసి దాన్ని గోడ మీద వదిలేశాను. ఇద్దరిలో ఒకరైనా బయటపడాలి కదా, మీరేమంటారు?