అక్క అడిగిన మన్ను

ఆయన పేరు అడగలేదు. తమిళనాడులోని బోడినాయకనూరులో నేను బస్సెక్కి ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే విని, పక్కసీట్లోంచి నవ్వాడు; అక్కడివాడే అయినా ఆయనదీ తెలుగిల్లే. అల్జీరియా ఎడారిలో లారీ నడిపి, మూడేళ్లకు ఇంటికి వస్తున్నాడట. జేబులోంచి నల్లటి రాయొకటి తీశాడు.

"ఆడంతా ఇదే అన్నా. మన్నే లేదు, చూసినంత దూరం బండే. అరబ్బీలో హమాదా అంటారు. తమిళంలో పారై అనేస్తా. మన మాటల్లో ఏమంటారు?"

"బండనేల," అన్నాను.

మరిచిపోకుండా రెండుసార్లు పలుక్కున్నాడు.

"నన్ను పెంచింది మా అక్క. మా ఇంట్లో ఎవురు ఏ ఊరు పోయినా ముందు మన్ను సంగతే అడిగేది. ఫోన్ చేస్తే చాలు, 'ఆడ మన్ను ఎట్లుండాదిరా?' అంటాది. మెత్తని నల్లమన్నని అబద్దం చెప్పేస్తిని. ఈ పొద్దు నిజం చెప్పాల."

చిన్నమనూరులో దిగాడు. ద్రాక్షతోట పని మధ్యలోనే వచ్చినట్టుంది, అక్క తలగుడ్డతో నిలబడి ఉంది. ఆయన రాయి ఆమె చేతిలో పెట్టి ఏదో చెప్పాడు. ఆమె దాన్ని గోటితో గీకి చూసింది. వంగి, అంతమంది ముందూ తమ్ముడి చెప్పు విప్పించి, అరికాలు తడిమి చూసింది.